క్లాసులో అంకుల్, ఇంట్లో నాన్న

ఆ రోజుల్లో నా దృష్టిలో చదువు ఆటలమ్మ లాంటిది. చిన్నప్పుడే వచ్చి తగ్గిపోతే ఎవరూ పట్టించుకోరు, పెద్దయ్యాక ఒంటి మీద ఉంటేనే నలుగురూ తేరిపార చూస్తారు. నాకు ఇరవై రెండేళ్లు దాటినా ఇంకా తగ్గలేదు. పగలంతా ఓడరేవు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి, సాయంత్రం బిషాన్‌లో రైలు దిగి, ఉద్యోగస్తుల కోసం నడిపే ఒక ప్రైవేటు కాలేజీలో డిప్లొమా క్లాసుకి వెళ్లేదాన్ని. (ఆ కాలేజీ ఇప్పుడు లేదు. ఆ చోట ఇప్పుడు కుక్కలకి జుట్టు కత్తిరిస్తున్నారు.) ఆఫీసులో మా బాసు, డిప్లొమా చేతికి వస్తే నన్ను గుమాస్తా బల్ల మీంచి లేపి ఎగ్జిక్యూటివ్ బల్ల దగ్గర కూర్చోబెడతానని మాటిచ్చాడు. రెండు బల్లలకీ మధ్య ఒక ప్లాస్టిక్ పూలకుండీ తప్ప పెద్ద తేడా లేదు గానీ, ఆ వయసులో ఆ పూలకుండీకి అవతలివైపు నాకు స్వర్గంలా కనిపించేది.

అకౌంట్స్ పాసయ్యాను. కంప్యూటర్లు పాసయ్యాను. మార్కెటింగ్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు, అయినా అదీ పాసయ్యాను. ఫెయిలైంది ఒక్కదానిలోనే. దాని పేరు ప్రొఫెషనల్ కమ్యూనికేషన్. అంటే మాట్లాడటం. మా అమ్మ ఈ వార్త విని కూరగరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “నువ్వేటి, మాటాడ్డంలో ఫెయిలేటి? ఎవలిదో పేపరు మారిపోయుంటాది. ఎల్లి అడుగు” అంది. అమ్మ అనుమానంలో అన్యాయం లేదు. ఇంట్లో నా నోరు మూయించడానికి ఆమె నానా తిప్పలు పడేది. కానీ నలుగురి ముందు నిలబడి, వెనక తెర మీద బొమ్మలు పెట్టుకుని మాట్లాడమంటే నా గొంతులో ఎవరో తలుపు వేసి గొళ్లెం పెట్టేసేవారు. మొదటిసారి “గుడ్ ఈవెనింగ్” దగ్గర మొదలెట్టి నేరుగా “థాంక్యూ” దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. మధ్యలో ఉండాల్సిన సంగతులు మధ్యలోనే ఉండిపోయాయి. రెండోసారి ఏమైనా సరే మాట్లాడి తీరాలనుకుని, ఊపిరి తీసుకోకుండా, ఇక్కడి ఇంగ్లీషు అలవాటు ప్రకారం ప్రతి వాక్యం చివరా ఒక ‘లా’ తగిలించి, అంతా ఒకే వాక్యంలా వదిలేశాను. మా లెక్చరర్ చైనీస్ ఆవిడ, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. ఆవిడ కుర్చీలోంచి సగం లేచి, “ఫుల్‌స్టాప్, గర్ల్! ఫుల్‌స్టాప్!” అని చెయ్యెత్తి ఆపబోయారు. నేను ఆగలేదు. ఆనాటి నుంచి మేమంతా ఆవిడని ఫుల్‌స్టాప్ మేడమ్ అనేవాళ్లం.

ఇక్కడ కాలేజీ నిబంధన ఒకటి చెప్పాలి. ఒక సబ్జెక్టు తప్పితే అదొక్కటే మళ్లీ చదివి రాయొచ్చు. అయితే అలా రెండుసార్లే. మూడో ప్రయత్నంలో కూడా తప్పితే కోర్సు మొత్తం రద్దు. పాసైన అకౌంట్స్, అర్థం కాకుండా పాసైన మార్కెటింగ్, అన్నీ గంగలో కలుస్తాయి. మళ్లీ చేరాలంటే కొంతకాలం ఆగి, కొత్తగా దరఖాస్తు పెట్టుకుని, అ ఆల దగ్గర నుంచి మొదలెట్టాలి. నేను అప్పుడు మూడో ప్రయత్నం అంచున నిలబడి ఉన్నాను.

మా నాన్న బస్సు డ్రైవరు. (ఇక్కడ బస్ కెప్టెన్ అంటారు. నాన్న ఆ మాట అన్నప్పుడల్లా కొంచెం నిటారుగా కూర్చునేవాడు.) మా ముత్తాత తెల్లదొరల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆయన మూటగట్టుకొచ్చిన తెలుగునే మేము తరతరాలుగా వాడుకుంటున్నాం, చిరుగు పడినచోట తమిళం, మలయ్, ఇంగ్లీషు అతుకులేసుకుంటూ. సెంగ్‌కాంగ్ కాండోల్లో, అంటే ఖరీదైన అపార్ట్‌మెంట్లలో, ఉండే కొత్తగా వచ్చిన కంప్యూటర్ తెలుగువాళ్లు ఉగాది పూట నాన్న మాట విని, “అంకుల్, మా తాతయ్య మాట్లాడినట్టే ఉంది” అని మురిసిపోయేవారు. నాన్నకి అది పొగడ్తో కాదో తేలేది కాదు.

ఆ ఏడు కంపెనీ డాక్టరు నాన్నకి షుగరు ఉందనీ, చూపు మీద ఒక కన్నేసి ఉంచాలనీ చెప్పాడు. బస్సు నడిపేవాడికి ఆ మాట ఎలా వినిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు. డిపోలో బళ్ల వేళలు, డ్యూటీలు వేసే కుర్చీ ఉద్యోగాలు ఉన్నాయి. వాటికి డిప్లొమా కావాలి. నాన్నకి ‘ఓ’ లెవెల్లో, అంటే మన పదో తరగతి లాంటి పరీక్షలో, చెప్పుకోదగ్గదేమీ లేదు. నాన్న ఇంట్లో ఎవరితోనూ చర్చించలేదు. ఒక సెలవు రోజున బయటికెళ్లి వచ్చాడు. ఇంకో సెలవు రోజున మళ్లీ వెళ్లి వచ్చాడు. ఒకనాటి సాయంత్రం యూ టీ అనే పేటలోని మా ఫ్లాట్‌లో అన్నం ముందు కూర్చుని, చారు పోసుకుంటూ, “నాకు సీటొచ్చింది” అన్నాడు.

“ఏ బస్సులోన?” అంది అమ్మ.

“కాలేజీలోనే! ముప్పై ఏళ్లు దాటినోలకీ, పని అనుభవం ఉన్నోలకీ ఏరే రూలున్నాది. పరీచ్చ రాసినాను, ఇంటర్వ్యూకి ఎల్లినాను. పాస్!”

కొంచెం తరచి అడిగితే అది బిషాన్ కాలేజీయే అని తేలింది. ఇంకొంచెం తరచితే, మొదటి సెమిస్టర్లో ఆయన తీసుకోవాల్సిన సబ్జెక్టు ప్రొఫెషనల్ కమ్యూనికేషన్ అని తేలింది. ఆ సెమిస్టర్లో ఆ సబ్జెక్టుకి ఒక్క క్లాసే నడుస్తోందని నాకు అప్పటికే తెలుసు. నేను చెంచా కింద పెట్టాను. నాన్న నా వైపు చూశాడు. నేను నాన్న వైపు చూశాను. అమ్మకి విషయం అర్థమవడానికి కాస్త సమయం పట్టింది గానీ, అర్థమయ్యాక ఇక ఆపలేకపోయాం. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వి, “ఒకే క్యారేజీ కడతాను, ఇద్దరూ పంచుకోండి” అంది.

నాన్న నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి గంభీరంగా ఒక షరతు పెట్టాడు. “సూడు గుంటా. క్లాసులోన నాను నీ నాన్నని కాను. నువ్వు నా కూతురివి కావు. అందరూ నన్ను అంకులంతారు. నువ్వూ అంకులనీ. ఈ ఊర్లోన వయసు మీరినోడు ఎవడైనా అంకులే కద. ఎవులికీ తెల్దు.”

నాకైతే ప్రాణం లేచివచ్చింది. మూడోసారి అదే క్లాసులో కూర్చోవడమే ఒక నామోషీ. పక్కన తండ్రి కూడా ఉంటే ఇక చెప్పేదేముంది? “ఓకే నాన్నా” అన్నాను. “అంకుల్” అని దిద్దాడు.

మొదటి రోజు నేను కావాలనే కొంచెం ఆలస్యంగా వెళ్లాను. నాన్న ముందు వరసలో, మేడమ్ ముక్కు కింద, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీ మీద టిష్యూ పేపర్ల ప్యాకెట్టు పెట్టి ఉంది. హాకర్ సెంటర్లో, తిండిదుకాణాల మధ్య, టిష్యూలు పెట్టి భోజనాల బల్లని పట్టిపెట్టినట్టు నా కోసం కుర్చీ చోప్ చేశాడన్నమాట. నేను చూడనట్టు వెనక వరసకి పోయాను. ఆయన కాసేపు తలుపు వైపు చూసి, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆ ప్యాకెట్టు తీసి జేబులో పెట్టుకున్నాడు.

వారాలు గడిచేకొద్దీ నా సంగతి అటుంచి, నాన్న ఆ క్లాసుకి ప్రాణం అయిపోయాడు. మేడమ్ ఏం చెప్పినా చెయ్యెత్తేవాడు. “టీచర్, ‘వి రిగ్రెట్ ది ఇన్‌కన్వీనియెన్స్’ అని రాస్తాం కద, నిజంగా రిగ్రెట్ అవకపోతే రాయొచ్చా?” అని అడిగితే మేడమ్ ఆ రోజు మిగతా పాఠం మానేసి దాని మీదే మాట్లాడారు. బ్రేకులో అందరికీ కర్రీపఫ్‌లు పంచేవాడు. అందరూ “అంకుల్, అంకుల్” అంటూ చుట్టూ చేరేవారు. నేనూ అనేదాన్ని. మొదట్లో ఆ మాట నాలుకకి అడ్డం పడేది. తర్వాత ఎంత అలవాటైందంటే, ఒక రోజు ఇంట్లో భోజనాల దగ్గర, “అంకుల్, ఆ అప్పడాలు ఇటివ్వండి” అన్నాను. నాన్న “హియర్, మిస్” అని అందించాడు. ఇద్దరం తింటూనే ఉన్నాం. అమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, “ఈ ఇంట్లోన నానెవలిని మరి? ఆంటీనా?” అంది.

సెమిస్టర్ మధ్యలో మేడమ్ క్లాసుని బృందాలుగా విడగొట్టారు. కోపంగా ఉన్న కస్టమరుతో ఎలా వ్యవహరించాలన్నది మా బృందానికి వచ్చిన అంశం. బృందంలో నలుగురం. ఒకతను సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే చైనీస్ కుర్రాడు, చేతిలో ఎప్పుడూ బబుల్‌టీ గ్లాసు ఉండేది కాబట్టి బబుల్‌టీ అనేవాళ్లం. ఒకామె ఒక క్లినిక్‌లో పనిచేసే మలయ్ ఆవిడ, ఆమెని నేను మనసులో నర్సమ్మ అనుకునేదాన్ని. మూడోది నేను. నాలుగో మనిషి అంకుల్. అప్పుడే చెయ్యెత్తి, “మేడమ్, ఇందులో ఒక తండ్రీ కూతురూ ఉన్నారు” అని చెప్పాల్సింది. నేను నాన్న చెయ్యెత్తుతాడేమోనని చూశాను. ఆయన నేనెత్తుతానేమోనని చూశాడు. ఏ ప్రశ్నకైనా లేచే ఆ చెయ్యి ఆ రోజు మాత్రం లేవలేదు.

మార్కుల్లో కొంత భాగం బృందంలోని వాళ్లు ఒకరికొకరు వేసుకోవాలి, మిగతాది మేడమ్ వేస్తారు, రాతపని వేరు. బబుల్‌టీ ఒక రోజు నన్ను పక్కకి పిలిచి, గ్లాసులోని గుండ్రని సగ్గుబియ్యం ముత్యాలు స్ట్రాతో వెతుకుతూ, “అంకుల్ వెరీ నైస్ లా. బట్ హీ టాక్ టాక్ టాక్, టైమ్ ఆల్ ఫినిష్. హౌ?” అన్నాడు. పాపం అతనన్నది నిజమే. ప్రాక్టీసులో నాన్న మొదలుపెడితే కోపంగా ఉన్న కస్టమరు చల్లబడటం కాదు, నిద్రపోయేవాడు. అందరం కలిసి, అంకుల్ మొదటి రెండు వాక్యాలు చెప్పి పరిచయం చేస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అని తేల్చాం. నాన్న నొచ్చుకుంటాడని భయపడ్డాను. ఆయన మాత్రం, “రెండేనా? బోలే బోలే, అలాగే” అని ఒప్పేసుకుని, ఆ రెండు వాక్యాలనీ స్నానాల గదిలో, లిఫ్టులో, రైల్లో, పెదాలు కదుపుతూ వల్లెవేయడం మొదలెట్టాడు. అమ్మకి కూడా కంఠతా వచ్చేశాయి. తాలింపు పెడుతూ, “గుడీవినింగ్ లేడీజ్ అండ్ జెంటిల్‌మెన్, టుడే అవర్ టీమ్” అనేది.

ఆ సాయంత్రం రానే వచ్చింది. నాన్న పెళ్లినాటి టై కట్టుకుని వచ్చాడు. మేం నలుగురం వరసగా నిలబడ్డాం. తెర మీద బొమ్మ వెలిగింది. నాన్న ఒక అడుగు ముందుకేసి, “గుడ్ ఈవెనింగ్” అన్నాడు.

అంతే. తర్వాత ఏమీ రాలేదు.

ముందు ఆయన ఊపిరి తీసుకుంటున్నాడనుకున్నాను. తర్వాత మర్చిపోయాడనుకున్నాను. తర్వాత పక్కనుంచి ఆయన మెడ చూశాను. కంఠం పైకి లేచి అక్కడే నిలిచిపోయింది. చేతిలో కాగితం ఉంది, కళ్లు దాని మీద లేవు. ఆ తలుపు, ఆ గొళ్లెం నాకు బాగా తెలుసు. అది నాకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఆ క్షణం దాకా నాకు తెలియదు. నేనేదో ప్రత్యేకంగా తయారైన పిరికిదాన్నని అనుకుంటూ బతికాను. నిజానికి అది మా ముక్కులాగా, మా చెవుల్లాగా, ఆయన నుంచి నాకు దిగిన సొత్తు. క్లాసులో ఎవరో కుర్చీ జరిపారు. బబుల్‌టీ మొహం పాలిపోయింది. మేడమ్ పెన్ను ఎత్తారు.

“నాన్నా” అన్నాను, గట్టిగా. “కాయితం ఒదిలీ. బస్సులోన సెప్పినట్టు సెప్పు.”

నాన్న తల తిప్పి నన్ను చూశాడు. ఆ చూపులో, ‘అంకుల్ అనాలి కదే’ అన్న దిద్దుబాటు కూడా ఉందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. టై కొంచెం వదులు చేసుకున్నాడు. రెండు చేతులూ స్టీరింగు పట్టుకున్నట్టు ముందుకు పెట్టి, “లేడీజ్ అండ్ జెంటిల్‌మెన్, ప్లీజ్ మూవ్ ఇన్, మూవ్ ఇన్, వెనకాల ఇంకా చాలా స్పేస్ ఉంది, డోర్ దగ్గర నిలబడొద్దు” అని ఇంగ్లీషులో ఖంగుమన్నాడు. వెనక వరసలో ఇద్దరు నిజంగానే జరిగారు. క్లాసంతా నవ్వింది. ఇక ఆయన ఆగలేదు. వానలో తడిసి బస్సెక్కిన ఒకావిడ కార్డు పనిచేయక తనని ఎలా తిట్టిందో, తనకి ఎంత కోపం వచ్చిందో, దాన్ని దిగమింగుకోవడానికి అద్దాల వైపర్లు ఎన్నిసార్లు వేసి ఆపాడో, అంతా చెప్పాడు. అది మా అంశానికి సరిగ్గా సరిపోయిందా అంటే సగం సరిపోయింది. మిగతా సగం బస్సు రూట్ల గురించి. టైము అయిందని మేడమ్ గంట కొట్టారు. ఆయన వినలేదు. మళ్లీ కొట్టారు. “లాస్ట్ స్టాప్, లాస్ట్ స్టాప్” అంటూ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

నర్సమ్మ తన వంతు మొదలెట్టే ముందు నా చెవిలో, “నాన్నా అంటే ఏంటి?” అని అడిగింది. నేను చెప్పాను. ఆమె నోరు తెరిచి, బబుల్‌టీకి చెప్పింది. బబుల్‌టీ అది మనసులో అనుకోబోయి, ‘అయ్యబాబోయ్’ అనే మలయ్ మాటతో సహా పైకే అనేశాడు. “యువర్ ఫాదర్? ఆల్ దిస్ టైమ్ యూ కాల్ హిమ్ అంకుల్? అలమాక్!”

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. విచిత్రమేమంటే, నా వంతు వచ్చేసరికి నా గొంతులో గొళ్లెం కూడా లేదు. జరగకూడదనుకున్నది జరిగిపోయింది కదా, ఇంక భయపడటానికి నా దగ్గర సరుకు లేదు. నేను నెమ్మదిగా మాట్లాడాను. వాక్యం చివర ఆగాను. ఒకచోట ‘లా’ వచ్చింది, రానిచ్చాను. కూర్చోబోతుంటే మేడమ్ తల ఎత్తకుండా, “ఫుల్‌స్టాప్స్. ఫైనల్లీ” అన్నారు. ఆ వెంటనే తల ఎత్తి, “యూ అండ్ అంకుల్. మీ ఇద్దరితో మాట్లాడాలి” అన్నారు.

ఒకే కుటుంబం వాళ్లు ఒకే బృందంలో ఉండి ఒకరికొకరు మార్కులు వేసుకోవడానికి లేదట. అలాంటి నిబంధన ఉందని మాకు తెలియదు. తెలియకపోవడం నిబంధనకి సంబంధించిన విషయం కాదని మేడమ్ మర్యాదగానే చెప్పారు. విషయం కార్యాలయానికి పంపాలి, వాళ్లు ఈ ప్రెజెంటేషన్ చెల్లదనవచ్చు. చెల్లకపోతే అది ఒక ప్రయత్నం కింద లెక్కకి వస్తుందా అని నేను అడిగాను. ఆవిడకీ తెలియదు. లెక్కకి వస్తే, అది నా ఆఖరి ప్రయత్నం.

తిరుగు రైల్లో మొదటిసారి ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఉడ్‌లాండ్స్ దాటేదాకా నాన్న తలుపు మీది స్టేషన్ల పేర్లు చదువుతూ కూర్చున్నాడు. తర్వాత, “నా మూలంగా నీకు పోద్దేటే?” అన్నాడు. “పోదు నాన్నా” అన్నాను, ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. కొంచెంసేపు టై చివర్ని చుట్టి, విప్పి, చుట్టి, “అంకులని పిలమని ఎందుకన్నానో తెల్సా?” అన్నాడు.

“నాకు నామోషీగా ఉంటుందనేగా?”

“ఉహూ. నా ఇంగ్లీసుకి అందరూ నవ్వితే, సూడు దీని నాన్న ఎలగ మాటాడతన్నాడో అని నీ దిక్కు సూస్తారు కద. నన్ను సూసి నవ్వితే ఏటి? నా దాకా వచ్చి ఆగిపోద్ది అనుకున్నాను.”

నేను కిటికీలోకి చూశాను. బయట చీకటి పడటంతో అందులో మేమిద్దరమే కనిపించాం. ముక్కులు ఒకటే.

తర్వాతి వారం కార్యాలయంలో పిలుపు. ఒక అధికారి, పక్కన మేడమ్. ఒకరి తర్వాత ఒకరిని లోపలికి రమ్మన్నారు, ముందు నాన్న. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలి మాటలు వినకూడదనుకున్నాను గానీ, బస్సు వెనక సీటు దాకా వినిపించేలా తయారైన గొంతు ఒక చెక్క తలుపుకి ఆగుతుందా? మీ కూతురికి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అధికారి అడిగాడు.

“సిక్స్.”

“ఆరేనా? ఎందుకని అంకుల్?”

“ఎవ్రీ మీటింగ్ లేట్. వచ్చి ఫస్ట్ మకాన్, తింటాది. తిన్నాక ఫోన్. వర్క్ గుడ్. ఐ సే గుడ్. బట్ లేట్ ఈజ్ లేట్. నా డిపోలో అయితే మెమో ఇస్తారు.”

“మిగతా ఇద్దరికి?”

“ఎయిట్. ఎయిట్. ఆ అబ్బాయి లాప్‌టాప్ మోస్తాడు.”

నేను ఎనిమిది వేద్దామనుకుని వచ్చిన మనిషిని. లోపలికి వెళ్లి, కుర్చీలో కూర్చుని, ఆయనకి ఆరు వేశాను. కారణం అడిగితే, టైము దాటిపోతాడు, ఎవరినీ మాట్లాడనివ్వడు, బస్సు రూట్లు అక్కర్లేదని ఎంత చెప్పినా వినడు అని చెప్పాను. అధికారి మేడమ్ వైపు తిరిగి, “బంధువులు ఒకరికొకరు ఎక్కువ వేసుకోకూడదనే కదా ఆ నిబంధన? వీళ్లని ఇలాగే వదిలేస్తే ఇద్దర్నీ ఫెయిల్ చేసుకునేలా ఉన్నారు” అన్నాడు. మేడమ్ పెన్ను మూత నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. చివరికి మేమిద్దరం ఒకరికొకరు వేసుకున్న మార్కులు తీసేసి, మిగతావి లెక్కలోకి తీసుకుంటామని చెప్పి పంపారు. ఇంటికి వచ్చేదారిలో నాన్న, “ఎన్నేసినావు?” అన్నాడు. “ఆరు” అన్నాను. “కరెక్టే” అన్నాడు.

ఫలితాలు వచ్చాయి. నేను పాసయ్యాను. మళ్లీ రాసి పాసైనవాళ్లకి గ్రేడు ఇవ్వరు, ఉత్త పాస్ అని రాస్తారు. ఆ ఉత్త పాస్ నా కంటికి బంగారంలా కనపడింది. పక్కనే నాన్న తన ఫలితం చూసుకున్నాడు. ఫెయిల్. మాట్లాడటంలో గట్టెక్కాడు, రాతలో పోయింది. ఫిర్యాదుకి జవాబు రాయమంటే, ఫిర్యాదు చేసినవాడి తప్పేమిటో పేజీల కొద్దీ వివరించాడట.

అమ్మ చారు మళ్లీ వేడి చేయడానికి లేచింది. నేను నా సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిరిగాను. నాన్న వరండాలో నిలబడి కింద బస్టాపు కేసి చూస్తూ ఉన్నాడు. బస్సు వచ్చింది, వెళ్లింది. ఇంకోటి వచ్చింది. అప్పుడు నన్ను పిలిచి, చిన్నగా అడిగాడు. “గుంటా, నువ్వు ఫెయిలైనప్పుడు ఏటి సేసినావు?”

“కిందకెళ్లి ఒక్కదాన్నే ఐస్ కచాంగ్ తిన్నాను. తర్వాత పైకొచ్చి మీకు చెప్పాను.”

“రెండుసార్లూనా?”

“రెండుసార్లూ.”

“పద అయితే” అన్నాడు.

బ్లాకు కింద కాఫీషాపులో కూర్చున్నాం. గిన్నెలో గుట్టలా పోసిన మంచుతురుము మీద ఎర్రగా, పచ్చగా, గోధుమరంగులో పాకాలు. నాన్న తన షుగరు సంగతి మర్చిపోయినట్టు నటించాడు. నేనూ నటించాను. “మొదట్లో పై నుంచి తింటే పంటికి చల్లగా తగుల్తుంది, కింది నుంచి తవ్వాలి” అని చెప్పాను. ఆయన శ్రద్ధగా కింది నుంచి తవ్వాడు. “రేపటికి కొంచెం తగ్గుతుంది. ఆఫీసులో ఎవరైనా అడిగితే మళ్లీ గుచ్చుకుంటుంది. వారం పోతే పర్లేదు” అన్నాను. తల ఊపాడు. సైకిలు తొక్కడం, ఈదడం, రోడ్డు దాటడం, నాకు వచ్చినవన్నీ ఆయన నేర్పినవే. నేను ఆయన కంటే ముందు నేర్చుకుని ఆయనకి చెప్పగలిగింది ఆ రోజు దాకా ఒక్కటీ లేదు. మొదటిది ఇదే దొరికింది, ఫెయిలవడం.

ఎర్రటి నీళ్లు తాగేసి, గిన్నె పక్కన పెట్టి, “రూలు సదివినాను. ఇంకా రెండు సాన్సులున్నాయి” అన్నాడు. “నీకు మూడు పట్టినాయి. నాకు రెండు పట్టనీ.”

రెండే పట్టాయి. తర్వాతి సెమిస్టరంతా ఆదివారాలు మా బ్లాకు కింద రాతిబల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలు దిద్దుకున్నాం, అరుచుకున్నాం, అటుగా పోయే ఆంటీలు ఆగి ఎవరిది తప్పో అడిగేంతగా. క్లాసుకి మాత్రం నేను తోడు వస్తానంటే వద్దన్నాడు. డిప్లొమా వచ్చాక డిపోలో కుర్చీ ఇచ్చారు. కొన్నాళ్లు కూర్చుని, కొత్త డ్రైవర్లకి ప్రయాణికులతో ఎలా మాట్లాడాలో నేర్పే పనికి మారాడు. అక్కడ కూడా టైము దాటిపోతాడని వినికిడి. నాకు పూలకుండీకి అవతలి బల్ల ఇచ్చారు. అక్కడి నుంచి చూస్తే ఇవతలి బల్లే బాగుందనిపించింది గానీ, ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఈ మధ్య మా ఆఫీసువాళ్లు ఏవో కొత్త సాఫ్ట్‌వేర్లంటూ నన్ను ఒక సాయంత్రం కోర్సుకి పంపారు. దరఖాస్తు పెట్టేటప్పుడు అర్హతల దగ్గర, పాతికేళ్ల పని అనుభవం ఉన్నవాళ్లకి వేరే పరీక్ష అక్కర్లేదని చదివి ఒక నిట్టూర్పు విడిచాను, ఊరటతోనో మరి దేనితోనో. మొదటి రోజు వెళ్లి, అలవాటుగా వెనక వరస వైపు నడవబోయి, మోకాలు ఒప్పుకోక ముందు వరసలోనే కూర్చున్నాను. క్లాసంతా కుర్రవాళ్లు. చెవులకి తెల్లటి ఇయర్‌ఫోన్లు. నా పక్క కుర్చీ ఒక్కటే ఖాళీ, దాని మీద నా బ్యాగు. ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చినట్టున్న ఒక అమ్మాయి, భుజాన బ్యాగు జారిపోతుంటే ఎగేసుకుంటూ, గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. ఆ చూపు నేను పోల్చుకోగలను. ఈవిడ పక్కన కూర్చుంటే అన్నిటికీ చెయ్యెత్తుతుందేమో, కర్రీపఫ్‌లు పెడుతుందేమో, టైము తినేస్తుందేమో అని లెక్కలు వేసే చూపు. ఇరవై రెండేళ్లప్పటి నా మొహం మీద అలాంటి చూపు ఎంత బాగుండేదో, ఎంత తెలివితక్కువగా ఉండేదో, బయటి నుంచి చూసే అవకాశం నాకు ఇన్నేళ్లకి దొరికింది.

“ఆంటీ, హియర్ గాట్ పీపుల్ ఆర్ నాట్?” అంది.

“లేరమ్మా, రా” అన్నాను, నవ్వొస్తుంటే బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంటూ. ఆ పిల్లకి తెలుగు రాదన్న సంగతి ఆమె కూర్చున్నాక గానీ నాకు తోచలేదు.